లోపాలే ఆధారాలుగా ఒక యంత్ర చరిత్ర: మెర్సిడెస్ ఓఎం 617 టర్బో డీజిల్ ఇంజన్ - నిర్మాణం, సాధారణ సమస్యలు

వ్యాస సంగ్రహం

పశ్చిమ జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సంస్థ 1978లో ఉత్తర అమెరికా విపణిలో ప్రవేశపెట్టిన మెర్సిడెస్ 300ఎస్‌డి కారుతో ప్రయాణికుల కార్ల చరిత్రలో టర్బో డీజిల్ యుగం మొదలైంది. ఆ కారుకు అమర్చిన ఓఎం 617 శ్రేణి అయిదు సిలిండర్ల ఇంజన్ ‘చావులేని ఇంజన్’గా పేరు తెచ్చుకుంది. ఆ కీర్తి వెనుక ఉన్న నిర్మాణ కారణాలను, దాని సాధారణ సమస్యలను, ఆ సమస్యలకు మూలమైన చారిత్రక సందర్భాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ ఇంజన్ సమస్యల్లో అధికభాగం దాని మూలనిర్మాణంలో పుట్టినవి కావు. సౌకర్యం, వేగం, పర్యావరణ నియమాలు అనే కొత్త అవసరాలను పాత దృఢశరీరానికి జోడించిన అతుకుల దగ్గర అవి పుట్టాయి. ఈ ప్రతిపాదనను నిరూపించడమే వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: డీజిల్ ఇంజన్, టర్బోచార్జర్, ఓఎం 617, చమురు సంక్షోభం, ఇంధన పొదుపు చట్టం, సాంకేతిక చరిత్ర, మరమ్మతు.

1. ఉపోద్ఘాతం

యంత్రాల చరిత్రను సాధారణంగా ఆవిష్కరణల చరిత్రగా రాస్తారు. ఎవరు కనిపెట్టారు, ఎప్పుడు కనిపెట్టారు, ఎంత శక్తి వచ్చింది అన్న ప్రశ్నలతో ఆ రచన ముగుస్తుంది. యంత్రం కర్మాగారం గడప దాటాక గడిపిన జీవితం అందులో చోటు చేసుకోదు. అయితే ఒక యంత్రం ఎక్కడ చెడిపోతుంది, ఎందుకు చెడిపోతుంది, ఎవరు బాగుచేస్తారు అన్న ప్రశ్నలు కూడా చరిత్రకు సంబంధించినవే. శాసనంలో చెక్కిన అక్షరాలతో పాటు చెరిగిన అక్షరాలనూ పరిశోధకుడు చదువుతాడు. యంత్రంలోని అరుగుదలను కూడా అదే దృష్టితో చదవవచ్చు.

ఇందుకు ఓఎం 617 టర్బో ఇంజన్ అనువైన ఉదాహరణ. దీని ఉత్పత్తి కాలం స్పష్టంగా తెలుసు. దీని పుట్టుకకు కారణమైన చట్టం తెలుసు. నాలుగు దశాబ్దాలు దాటినా ఈ ఇంజన్ ఉన్న కార్లు కొన్ని నేటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయి. అందువల్ల దీని సమస్యల స్వభావం కూడా బాగా నమోదయింది.

2. పూర్వరంగం

రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజన్ సూత్రానికి 1892లో పేటెంటు కోరాడు. 1893లో అది లభించింది. 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో సంతృప్తికరంగా పనిచేసే తొలి ఇంజన్‌ను పరీక్షించి చూపాడు. పెట్రోల్ ఇంజన్‌లో ఇంధనం, గాలి కలిసిన మిశ్రమాన్ని స్పార్క్ ప్లగ్ మండిస్తుంది. డీజిల్ ఇంజన్‌లో గాలిని మాత్రమే తీవ్రంగా అదిమి, ఆ ఒత్తిడికి పుట్టిన వేడిలోకి ఇంధనాన్ని చిమ్ముతారు. నిప్పురవ్వతో పనిలేదు. ఇంధనం ఆదా అవుతుంది. కానీ ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి ఇంజన్ బరువుగా ఉండాలి. అందుకే డీజిల్ ఇంజన్ మొదట కర్మాగారాల్లో, ఓడల్లో స్థిరపడింది.

దీనిని వాహనాలకు అనువుగా మార్చిన ముఖ్యమైన మెట్టు ప్రీఛాంబర్. సిలిండర్ తలభాగంలో ఒక చిన్న ముందుగదిని ఏర్పరచి, ఇంధనాన్ని మొదట అందులోకి చిమ్మడం ఈ పద్ధతి. అక్కడ మొదలైన మంట సన్నని రంధ్రాల గుండా సిలిండర్‌లోకి వ్యాపిస్తుంది. మంట మెత్తగా సాగుతుంది, చప్పుడు తగ్గుతుంది. బెంజ్ సంస్థలో పనిచేసిన ప్రాస్పర్ లోరాంజ్ 1909లో ఈ పద్ధతికి పేటెంటు పొందాడు. 1936 నాటి మెర్సిడెస్ 260డి కారులోనూ, ఆ తరువాత దశాబ్దాల పాటు ఆ సంస్థ తయారుచేసిన డీజిల్ కార్లలోనూ ఇదే పద్ధతి కొనసాగింది.

టర్బోచార్జర్ చరిత్ర కూడా ఇంచుమించు అంతే పాతది. ఇంజన్ వదిలే పొగలోని శక్తితో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు మరొక చివర ఉన్న చక్రంతో సిలిండర్లలోకి అదనపు గాలిని నెట్టడం దీని పని. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో దీనికి పేటెంటు పొందాడు. ఓడలు, రైలింజన్లు, లారీలు దీనిని క్రమంగా స్వీకరించాయి. డీజిల్ కారుకు మాత్రం 1970ల చివరి వరకు ఇది చేరలేదు. డీజిల్ కారు కొనేవారు అప్పటికి ప్రధానంగా టాక్సీ యజమానులు, ఎక్కువ దూరాలు తిరిగేవారు. వారికి కావలసింది పొదుపు, మన్నిక. వేగం కోరేవారు పెట్రోల్ కారు కొనేవారు.

3. సంక్షోభం, చట్టం, టర్బో

1973 అక్టోబరులో అరబ్ దేశాలు విధించిన చమురు నిషేధంతో కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర దాదాపు నాలుగు రెట్లయింది. ఆ మరుసటి సంవత్సరం, 1974లో, డైమ్లర్-బెంజ్ సంస్థ 240డి 3.0 అనే కారును విడుదల చేసింది. అందులో అమర్చినదే టర్బో లేని తొలి ఓఎం 617 ఇంజన్. ప్రయాణికుల కార్లలో అయిదు సిలిండర్ల డీజిల్ ఇంజన్ భారీ ఉత్పత్తికి రావడం అదే మొదటిసారి.

ఈ ఇంజన్ పూర్తిగా కొత్తది కాదు. అంతకు ముందరి సంవత్సరం వచ్చిన నాలుగు సిలిండర్ల ఓఎం 616 ఇంజన్ సామర్థ్యం 2404 ఘనసెంటీమీటర్లు. అంటే ఒక్కొక్క సిలిండర్‌కు 601. అదే కొలతతో మరొక సిలిండర్‌ను చేర్చగా 3005 ఘనసెంటీమీటర్ల ఓఎం 617 తయారైంది. ఆరు సిలిండర్లయితే ఇంజన్ పొడవు, బరువు ఇంకా పెరిగేవి. శక్తి 65 నుంచి 80 హార్స్‌పవర్‌కు పెరిగింది. తరువాత సిలిండర్ వ్యాసాన్ని 91 మిల్లీమీటర్ల నుంచి 90.9కి తగ్గించారు. దానితో సామర్థ్యం 2998కి, అంటే 3000 అనే హద్దుకు లోపలికి వచ్చింది.

ఇక టర్బో రావడానికి కారణం అమెరికా చట్టం. 1975 డిసెంబరులో అమలులోకి వచ్చిన ఇంధన విధాన, పరిరక్షణ చట్టం ప్రతి కార్ల తయారీసంస్థకూ సగటు ఇంధన పొదుపు ప్రమాణాన్ని నిర్దేశించింది. 1978 మోడల్ సంవత్సరానికి ఆ సగటు గ్యాలనుకు 18 మైళ్లు. 1985 నాటికి అది 27.5 మైళ్లకు చేరాలి. లీటరు లెక్కన చూస్తే సుమారు 7.7 కిలోమీటర్ల నుంచి 11.7 కిలోమీటర్లకు పెరగాలి. ఈ లెక్క ఒక్కొక్క కారుకు కాదు, సంస్థ అమ్మే కార్లన్నిటి సగటుకు వర్తిస్తుంది. పెద్ద ఎనిమిది సిలిండర్ల పెట్రోల్ కార్లతో అమెరికాలో పేరు గడించిన మెర్సిడెస్‌కు ఇది ప్రమాద సూచిక. ఆ కార్లను అమ్ముతూనే ఉండాలంటే సగటును పైకి లాగే కార్లు కూడా కావాలి. విలాసవంతమైన ఎస్-క్లాస్ కారులో డీజిల్ ఇంజన్ పెట్టాలన్న నిర్ణయం ఈ నేపథ్యంలో జరిగింది. అయితే ఆ బరువైన కారుకు 80 హార్స్‌పవర్ చాలదు. ఆ లోటును టర్బో పూరించింది.

టర్బో డీజిల్‌కు సామర్థ్యముందని ప్రపంచానికి చూపడానికి సంస్థ మరొక మార్గం కూడా ఎంచుకుంది. సీ111 అనే ప్రయోగాత్మక కారులో ఓఎం 617 ఇంజన్‌కు టర్బోను, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌ను అమర్చి 190 హార్స్‌పవర్ సాధించారు. 1976 జూన్‌లో దక్షిణ ఇటలీలోని నార్దో వలయాకార మార్గంలో ఆ కారు గంటకు 250 కిలోమీటర్లకు మించిన సగటు వేగంతో రాత్రింబవళ్లు పరుగెత్తి 16 ప్రపంచ రికార్డులు నెలకొల్పింది. 1977 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో 300ఎస్‌డి కారును చూపారు. 1978లో అమ్మకాలు మొదలయ్యాయి. 1980 వరకు తయారైన 28,634 కార్లు ఉత్తర అమెరికా కోసమే తయారయ్యాయి. జర్మనీలో పుట్టిన కారు జర్మనీలో అమ్మకానికి లేకపోవడమే అది ఏ అవసరం కోసం పుట్టిందో తెలియజేస్తుంది.

4. నిర్మాణ వివరాలు

టర్బో ఓఎం 617 ఇంజన్ ముఖ్య వివరాలు ఇవి.

- అమరిక: నిలువుగా ఒకే వరుసలో 5 సిలిండర్లు, బ్లాకు, హెడ్ రెండూ పోత ఇనుము.
- స్ట్రోకు: 92.4 మిల్లీమీటర్లు.
- సామర్థ్యం: మొదట 3005, తరువాత 2998 ఘనసెంటీమీటర్లు.
- కంప్రెషన్ నిష్పత్తి: సుమారు 21.5:1.
- వాల్వులు: సిలిండర్‌కు 2, హెడ్‌పై ఒకే క్యామ్‌షాఫ్ట్, దానిని తిప్పేది రెండు వరుసల టైమింగ్ చైన్.
- ఇంధన సరఫరా: బాష్ సంస్థ ఇన్‌లైన్ యాంత్రిక ఇంజెక్షన్ పంపు, ప్రీఛాంబర్ పద్ధతి.
- మండే క్రమం: 1-2-4-5-3.
- టర్బోచార్జర్: గ్యారెట్ సంస్థ తయారీ, ఇంటర్‌కూలర్ లేదు.
- శక్తి: తొలి దశలో సుమారు 115 హార్స్‌పవర్, తరువాత సుమారు 125.

టర్బో లేని ఇంజన్‌తో పోలిస్తే శక్తి మొదటి దశలోనే 44 శాతం పెరిగింది. అదనపు గాలి, అదనపు ఇంధనం అంటే అదనపు వేడి. ఆ వేడిని తట్టుకోవడానికి ఇంజనీర్లు ఇంజన్ లోపలి భాగాలను మళ్లీ రూపొందించారు. పిస్టన్ల అడుగుభాగాన నూనె చిమ్మే జెట్లు పెట్టారు. ఎగ్జాస్ట్ వాల్వుల బోలు కాడల్లో సోడియం నింపారు. అది వేడికి కరిగి, కాడలో పైకీ కిందికీ కదులుతూ వాల్వు తలలోని వేడిని దించుతుంది. క్రాంక్‌షాఫ్ట్ ఉపరితలాన్ని నైట్రైడింగ్ ప్రక్రియతో గట్టిపరిచారు. నూనెను చల్లబరిచే ఏర్పాటును బలపరిచారు.

ఈ చర్యలన్నీ ఒక విషయాన్ని తెలియజేస్తున్నాయి. ఈ ఇంజన్ మన్నిక ఏదో ఒక్క అద్భుత భాగం వల్ల వచ్చింది కాదు. మూడు లీటర్ల ఇనుప ఇంజన్ నుంచి 125 హార్స్‌పవర్ మాత్రమే రాబట్టి, అంతకు మించిన భారాన్ని తట్టుకోగల భాగాలను అందులో పెట్టారు. అడిగినదానికీ ఇవ్వగలిగినదానికీ మధ్య మిగిలిన ఆ అంతరమే మన్నిక.

5. సాధారణ సమస్యలు, వాటి చారిత్రక మూలాలు

5.1 హీటర్ ప్లగ్గులు

ప్రీఛాంబర్ గోడలు మంటలోని వేడిని పీల్చుకుంటాయి. చల్లని ఉదయాల్లో ఇంజన్ స్టార్టు కావాలంటే ముందుగదిని విద్యుత్తుతో వేడిచేయాలి. ఆ పనిచేసేవి హీటర్ ప్లగ్గులు. తొలి కార్లలో ఈ ప్లగ్గులు ఒకదాని వెంట ఒకటిగా, ఒకే విద్యుత్ వలయంలో ఉండేవి. ఒక్కటి కాలిపోతే మొత్తం వలయం తెగిపోయేది. 1980 ప్రాంతంలో త్వరగా వేడెక్కే కొత్తరకం ప్లగ్గులను విడివిడి వలయాలుగా కలిపారు. సమస్య తీరింది కానీ మరొక రూపం దాల్చింది. ఒక ప్లగ్గు పోయినా మిగిలిన నాలుగింటితో బండి ఎలాగో స్టార్టవుతుంది కనుక యజమాని పట్టించుకోడు. రెండోది, మూడోది కూడా పోయాక ఒక చలిరోజున బండి మొరాయిస్తుంది. లోపం వెంటనే బయటపడే వ్యవస్థ పోయి, లోపాన్ని దాచగల వ్యవస్థ వచ్చిందన్నమాట.

5.2 వాల్వుల సందు

ఈ ఇంజన్‌లో వాల్వు కాడకూ దానిని నొక్కే రాకర్‌కూ మధ్య సందును చేత్తో సరిచేయాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గాలి లోపలికి వచ్చే వాల్వుకు 0.10 మిల్లీమీటర్లు, టర్బో ఇంజన్‌లో పొగ బయటికి పోయే వాల్వుకు 0.35 మిల్లీమీటర్లు ఉండాలి. సుమారు 24,000 కిలోమీటర్లకు ఒకసారి దీనిని పరీక్షించాలి. వాడకంలో వాల్వు తన పీఠంలోకి అరిగిపోతూ సందు తగ్గుతుంది. సందు పూర్తిగా పోతే వాల్వు సరిగా మూసుకోదు, కంప్రెషన్ పడిపోతుంది, బండి స్టార్టు కావడం కష్టమవుతుంది. ‘ఇంజన్ అరిగిపోయింది’ అని తేల్చేసిన కేసుల్లో కొన్నింటికి అసలు అవసరమైనది ఈ సర్దుబాటే.

‘చావులేని ఇంజన్’ అన్న కీర్తిని ఇక్కడ నిలిపి చూడాలి. లక్షల కిలోమీటర్లు తిరిగిన ప్రతి ఇంజన్ వెనుకా అన్నిసార్లు మూత విప్పి, కొలిచి, సందు సరిచేసిన చేతులున్నాయి. ఆ శ్రమ ఎక్కడా లెక్కకు రాదు. కీర్తి మాత్రం యంత్రానికి దక్కుతుంది.

5.3 టైమింగ్ చైన్

రెండు వరుసల చైన్ దృఢమైనదే. తెగడం అరుదు, సాగడం సహజం. క్యామ్‌షాఫ్ట్‌ను, ఇంజెక్షన్ పంపును ఒకే చైన్ తిప్పుతుంది కనుక అది సాగినకొద్దీ వాల్వులు తెరుచుకునే సమయం, ఇంధనం చిమ్మే సమయం రెండూ వెనుకబడతాయి. శక్తి తగ్గుతుంది, పొగ పెరుగుతుంది. క్యామ్‌షాఫ్ట్ గుర్తును దాని ఎదుటి గుర్తుతో కలిపి, క్రాంక్ చక్రంపై ఎన్ని డిగ్రీల తేడా ఉందో చూసి సాగుదలను కొలుస్తారు. తేడా కొద్దిగా ఉంటే ప్రత్యేకమైన తాళపుచెక్కతో సరిదిద్దుతారు. ఎక్కువైతే కొత్త చైన్‌ను పాత చైన్ చివరకు తగిలించి, ఇంజన్‌ను నెమ్మదిగా చేత్తో తిప్పుతూ లోపలికి ఎక్కిస్తారు. ఇంజన్ ముందుభాగాన్ని విప్పనవసరం లేదు. మరమ్మతును ముందే ఊహించి చేసిన నిర్మాణానికి ఇది ఉదాహరణ.

5.4 వ్యాక్యూమ్ వ్యవస్థ

పెట్రోల్ ఇంజన్ తన గాలిమార్గంలోనే వ్యాక్యూమ్‌ను పుట్టిస్తుంది, బ్రేకులకు ఆ వ్యాక్యూమ్ సాయపడుతుంది. డీజిల్ ఇంజన్ గాలిమార్గాన్ని అడ్డే మూత లేదు కనుక ఆ వ్యాక్యూమ్ దొరకదు. అందుకే ఇంజన్ ముందుభాగాన ప్రత్యేకంగా ఒక వ్యాక్యూమ్ పంపును అమర్చారు. ఆ శక్తి అందుబాటులో ఉండటంతో దానికి ఇతర పనులూ అప్పగించారు. బ్రేకుల సాయం, ఆటోమేటిక్ గేర్లు మారే మృదుత్వం, శీతలీకరణ ద్వారాల కదలిక, డబ్ల్యు 123 శ్రేణి కార్లలో తలుపుల తాళాలు, చివరకు ఇంజన్‌ను ఆపడం కూడా దానికే అప్పగించారు.

డీజిల్ ఇంజన్‌కు నిప్పురవ్వ లేదు కనుక విద్యుత్తు ఆపినంత మాత్రాన అది ఆగదు. తాళంచెవి తిప్పగానే వ్యాక్యూమ్ ఇంజెక్షన్ పంపు మీది పొరను లాగి ఇంధనాన్ని ఆపాలి. తలుపులోని ఒక రబ్బరు పొర చిరిగి గాలి కారితే ఆ వ్యాక్యూమ్ చాలదు. తాళంచెవి చేతికి వచ్చినా ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. ఈ అవకాశాన్ని ముందే గుర్తించిన ఇంజనీర్లు బానెట్ కింద చేత్తో నొక్కి ఆపే మీటను అమర్చారు. తలుపు లోపం ఇంజన్ లోపంగా కనబడటం ఈ కారులోని విచిత్రం. పంపు బేరింగ్ చెడితే మాత్రం విచిత్రం ప్రమాదంగా మారుతుంది. విరిగిన ముక్కలు టైమింగ్ చైన్‌లో పడి ఇంజన్‌నే నాశనం చేయగలవు. ఇనుప గుండెకు ముప్పు పక్కన చేర్చిన చిన్న భాగం నుంచి వచ్చింది.

5.5 మసి, మందగమనం

టర్బో ఎక్కువ గాలిని ఇచ్చినప్పుడే ఇంజెక్షన్ పంపు ఎక్కువ ఇంధనాన్ని ఇవ్వాలి. లేకుంటే నల్లటి పొగ వస్తుంది. ఈ సమన్వయం కోసం పంపు మీద ‘ఆల్డా’ అనే పరికరాన్ని అమర్చారు. గాలిమార్గం నుంచి ఒక సన్నని గొట్టం టర్బో ఒత్తిడిని దీనికి చేరవేస్తుంది. అదే కాలంలో నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకే పంపే ఏర్పాటు అమెరికా కార్లలో చేరింది. ఆ పొగలోని మసి, క్రాంక్‌కేసు నుంచి వచ్చే నూనె ఆవిరి కలిసి గాలిమార్గంలో తారులా పేరుకున్నాయి. ఆ తారు సన్నని గొట్టం మూతిని మూసేసింది. టర్బో పనిచేస్తున్నా పంపుకు కబురు అందదు. కారు టర్బో లేని కారులా మెల్లగా కదులుతుంది. టర్బో చెడిందని యజమాని భయపడతాడు. నిజానికి ఒక చిన్న బోల్టు రంధ్రాన్ని శుభ్రం చేస్తే చాలు. రెండు మంచి ఉద్దేశాలు ఒక రంధ్రం దగ్గర ఢీకొనడం వల్ల పుట్టిన లోపమిది.

5.6 కంపనం

అయిదు సిలిండర్ల వరుసలో పైకీ కిందికీ కదిలే బలాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. కానీ ఇంజన్ ఒక చివర పైకి, మరొక చివర కిందికి ఊగే ధోరణి మిగిలిపోతుంది. దీనివల్ల ఇంజన్ మౌంటింగుల రబ్బరు కాలక్రమేణా కుంగిపోతుంది. ఆరు సిలిండర్ల స్థలం లేక అయిదుతో సరిపెట్టిన 1974 నాటి రాజీకి ఈ అరుగుదల సాక్ష్యం.

6. ఒకే చట్టం, రెండు ఇంజన్లు

పై సమస్యల తీవ్రతను అంచనా వేయడానికి అదే కాలపు మరొక ఇంజన్‌తో పోల్చడం అవసరం. అదే ఇంధన పొదుపు చట్టం ఒత్తిడితో జనరల్ మోటార్స్ సంస్థ 1978 మోడల్‌తో ఓల్డ్స్‌మొబైల్ 5.7 లీటర్ల ఎనిమిది సిలిండర్ల డీజిల్ ఇంజన్‌ను ప్రవేశపెట్టింది. దాని బ్లాకును బలపరిచినా, పెట్రోల్ ఇంజన్ తయారీ పరికరాలే ఉపయోగపడేలా హెడ్ బోల్టుల సంఖ్యను, అమరికను మార్చలేదు. 22.5:1 కంప్రెషన్ ఒత్తిడికి ఆ బోల్టులు చాలలేదు. అవి సాగడం, విరగడం, హెడ్ గాస్కెట్ పోవడం సాధారణమయ్యాయి. డీజిల్‌లోని నీటిని వేరుచేసే పరికరం లేకపోవడంతో ఇంజెక్షన్ పంపులు తుప్పుపట్టాయి. వినియోగదారులు న్యాయస్థానాలను ఆశ్రయించారు. 1985లో ఆ ఇంజన్ ఉత్పత్తి ఆగిపోయింది. అమెరికాలో డీజిల్ కారు మీద అపనమ్మకం చాలాకాలం నిలిచిపోయింది.

ఈ పోలిక రెండు సంస్థల గొప్పతనాన్ని తూచడానికి కాదు. లోపం ఎక్కడ ఉందన్నదే ఇక్కడి ప్రశ్న. ఓల్డ్స్‌మొబైల్ లోపం ఇంజన్ గుండెలో ఉంది. అందుకే అది ప్రాణాంతకమైంది. ఓఎం 617 లోపాలు అంచుల్లో ఉన్నాయి. అందుకే అవి మరమ్మతుకు లొంగాయి. డీజిల్ కోసమే దశాబ్దాలుగా రూపొందుతూ వచ్చిన వంశం ఒకదానిది. గడువు తరుముతుండగా మరొకదాని నుంచి మార్చుకున్న రూపం రెండోదానిది.

7. పొగకు కట్టిన వెల

మన్నిక ఒక్కటే యంత్రాన్ని తూచే కొలబద్ద కాదు. డీజిల్ పొగలోని సన్నని మసికణాలు ఊపిరితిత్తులకు హానికరమన్న ఆందోళన 1970ల నుంచే అమెరికాలో బలపడింది. 1982 మోడల్ నుంచి డీజిల్ కార్లకు మైలుకు 0.6 గ్రాముల మసి హద్దు అమలులోకి వచ్చింది. కాలిఫోర్నియా రాష్ట్రం మరింత కఠినంగా వ్యవహరించింది. ఆ రాష్ట్రం కోసం 1985 నాటి టర్బో కార్లకు మసిని పట్టి కాల్చే వడపోతను అమర్చారు. దానిని టర్బోకు ముందు, పొగ బాగా వేడిగా ఉండే చోట పెట్టారు. లోపలి పదార్థం విరిగి, ఆ ముక్కలు టర్బో చక్రాన్ని దెబ్బతీశాయి. చివరకు సంస్థే ఆ వడపోతలను తొలగించి మార్చవలసి వచ్చింది.

ఈ ఘట్టాన్ని ‘చట్టం మంచి ఇంజన్‌ను చెడగొట్టింది’ అని చదవడం తేలిక. అది సగం నిజమే. ఆ ఇంజన్ పదేళ్లుగా వదిలిన మసికి ఎవరూ వెల కట్టలేదన్నది మిగిలిన సగం. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను మానవులలో క్యాన్సర్ కారకంగా నిర్ధారించింది. ఇంజన్ ఎక్కువ కాలం బతకడమంటే పాత ప్రమాణాల పొగ కూడా అంతకాలం బతకడమే. 1985లో అమెరికాకు చేరే కార్లలో ఈ టర్బో ఇంజన్ శకం ముగిసింది. తరువాత వచ్చిన ఆరు సిలిండర్ల ఓఎం 603 ఇంజన్‌లో వాల్వుల సందును నూనె ఒత్తిడే సరిచేసుకుంటుంది. చేతిపని తగ్గింది. హెడ్ అల్యూమినియంకు మారింది. తొలి నమూనాల్లో ఆ హెడ్ పగుళ్లు కొత్త సమస్యగా ముందుకు వచ్చాయి.

8. తెలుగు నేలపై సోదర ఇంజన్

ఓఎం 617 టర్బో భారతదేశపు రోడ్లకు ఉద్దేశించినది కాదు. దాని మాతృక అయిన నాలుగు సిలిండర్ల ఓఎం 616 మాత్రం ఇక్కడికి వచ్చింది. పుణె కేంద్రంగా ఉన్న బజాజ్ టెంపో సంస్థ, అంటే నేటి ఫోర్స్ మోటార్స్, డైమ్లర్-బెంజ్ అనుమతితో ఆ ఇంజన్‌ను తయారుచేసి ట్రాక్స్, ట్రావెలర్ వాహనాలకు అమర్చింది. ఊళ్ల మధ్య మనుషులను మోసిన ట్రాక్స్ జీపులను తెలుగు జిల్లాల ప్రజలు బాగా ఎరుగుదురు. అమెరికాలో విలాసపు కారుకు శక్తినిచ్చిన ఇంజన్‌కు సోదరి ఇక్కడ సామాన్యుల ప్రయాణ సాధనంలో పనిచేసింది. స్ట్రోకు అదే, ప్రీఛాంబర్ అదే, హీటర్ ప్లగ్గుల అవసరమూ అదే.

ఈ ఇంజన్ల వైద్యం పుస్తకాల్లో కంటే షెడ్డుల్లోనే ఎక్కువగా నిలిచింది. టాపెట్లు సెట్ చేయడం, నాజిళ్లు సర్వీసు చేయించడం, పంపు పనికి ఇవ్వడం, పొగ రంగు చూసి రింగులు పోయాయో నాజిల్ కారుతోందో చెప్పడం వంటివి తెలుగు మెకానిక్కులు గురుశిష్య పద్ధతిలో అందుకున్న జ్ఞానం. నీలిపొగ నూనె కాలుతోందని, నల్లపొగ ఇంధనం ఎక్కువైందని, తెల్లపొగ ఇంధనం సరిగా మండటం లేదని చదివే ఆ విద్యకు తెలుగులో వ్రాతపూర్వక సాహిత్యం స్వల్పం. వృత్తిపదకోశాల నిర్మాణంలో వ్యవసాయం, చేనేత వంటి వృత్తులకు దక్కిన శ్రద్ధ మోటారు మరమ్మతుకు కూడా దక్కవలసి ఉంది. యాంత్రిక పంపుల తరం ముగుస్తున్నకొద్దీ ఆ పదజాలాన్ని పలికే తరం కూడా తగ్గిపోతోంది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ఓఎం 617 టర్బో ఇంజన్ సాంకేతిక ప్రతిభ వల్ల మాత్రమే పుట్టింది కాదు. చమురు సంక్షోభం, అమెరికా ఇంధన పొదుపు చట్టం, విలాస కార్ల విపణి కలిసి దానికి రూపమిచ్చాయి.

2. దాని మన్నికకు రెండు మూలాలున్నాయి. ఒకటి, రాబట్టిన శక్తికి మించి భరించగల నిర్మాణం. రెండు, క్రమం తప్పని మానవ శ్రమ. రెండోది లేకుండా మొదటిది నిలవదు.

3. దాని సాధారణ సమస్యలు అధికంగా వ్యాక్యూమ్ వ్యవస్థ, మసి పునఃప్రసరణ, మసి వడపోత వంటి చేర్పుల దగ్గర ఏర్పడ్డాయి. ప్రతి చేర్పుకూ ఒక చారిత్రక అవసరం ఉంది.

4. హీటర్ ప్లగ్గులు, చైన్ సాగుదల, వాల్వుల సందు, మౌంటింగుల అరుగుదల మూలనిర్మాణానికి చెందినవి. అయితే వాటి పరిష్కారాన్ని నిర్మాణంలోనే ముందుగా ఏర్పాటు చేశారు.

5. మన్నిక, పర్యావరణ హితం ఒకటి కావు. ఒకదానిని మెచ్చుకుంటూ రెండోదానిని మరచిన చరిత్ర అసంపూర్ణం.

6. మరమ్మతు విజ్ఞానం, అందులోని తెలుగు పదజాలం పరిశోధనకు అర్హమైన ఆకరాలు. షెడ్డులో ఇంకా వినిపిస్తున్నప్పుడే వాటిని నమోదు చేయాలి.